నడక కథలో మన ఊరి రాయి

పోయిన ఏడు సంక్రాంతికి మా పక్క తెలుగువారు వేసుకొన్న ఒక ప్రత్యేక సంచిక నాకు చేరింది. అందులో అత్తిరంపాక్కం గురించి ఒక వ్యాసం ఉంది. పూండి చెరువుకు దగ్గరలో కొసస్థలై ఏటి ఒడ్డున దొరికిన రాతి పనిముట్లు తెలుగువారి పూర్వులు చేసినవని, కనుక ఈ నేల మొదటినుంచీ మనదేనని ఆ వ్యాసం సారాంశం. రాసిన పెద్దాయన నాకు ఎరుకే. భాష మీద ఆయనకున్న ప్రేమను శంకించే హక్కు నాకు లేదు. అయితే రెండు వారాలు తిరక్కముందే అవే రాళ్ళను చూపి, వాటిని చేసినవాడు తమిళుడేనని చెప్పే ఒక తమిళ కరపత్రం కూడా నా బల్లమీదికి వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చదివాను. భాష మారిందే గాని వాదం మారలేదు. ఒకే ఆస్తికి ఇద్దరు వేరువేరు దస్తావేజులు తెచ్చినట్టుంది. చిత్రమేమంటే ఆ ఆస్తి ఎటువంటిదో ఇద్దరిలో ఎవరూ సరిగ్గా చూడలేదు.

నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. చదివింది కామర్సు, చేసేది బ్యాంకు ఉద్యోగం. కాని ఒక లెక్కను మొదటినుంచి చూడాలా, మధ్యనుంచి చూడాలా అన్నది మా వృత్తిలో రోజూ వచ్చే ప్రశ్నే. ప్రారంభ నిల్వ తప్పుగా వేసుకొంటే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా కూడినా లెక్క తప్పే. మానవుడి కథను తెలుగులో మనం చెప్పుకొనే తీరులో ఈ ప్రారంభ నిల్వ దగ్గరే పొరపాటు జరుగుతున్నదని నా అభిప్రాయం. ఆ సంచికలోని వ్యాసం దానికి ఒక ఉదాహరణ మాత్రమే.

ముందు విషయం చూద్దాం. 1863 మే 30న భూగర్భ సర్వే శాఖలో పనిచేసే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే అధికారి పల్లావరం దగ్గర ఒక రాతి పనిముట్టును గుర్తించాడు. అదే ఏడు సెప్టెంబరు 28న సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కం చేరాడు. డార్విన్ గ్రంథం వెలువడి అప్పటికి నాలుగేళ్ళే. భారతదేశంలో పాత రాతియుగపు మనిషి ఉన్నాడన్న మాట అప్పటినుంచే మొదలయింది. ఒక చేతి పిడికిట్లో ఇమిడి, రెండు పక్కలా చెక్కి మొన తేల్చిన ఆ చేతిగొడ్డలికి పండితులు మద్రాసు పేరే పెట్టుకొన్నారు.

ఫుట్ తర్వాత ఎందరో అక్కడ తవ్వారు. 1999 నుంచి చెన్నైలోని శర్మా సెంటర్ తరఫున శాంతి పప్పు, ఆమె సహచరులు పూనుకొని తవ్వగా, అడుగు పొరల్లో 3,500కు పైగా పనిముట్లు బయటపడ్డాయి. భూమి పైన ఉన్నప్పుడు అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు రాతిలో ఒక గుర్తు వదులుతాయి. రాయి మట్టిలో కప్పబడ్డాక ఆ గుర్తు కొద్దికొద్దిగా తరుగుతుంది. ఎంత తరిగిందో కొలిస్తే రాయి ఎప్పుడు కప్పబడిందో తెలుస్తుంది. ఆ విధంగాను, మట్టిలో నిలిచిన అయస్కాంత దిశలను బట్టీ లెక్క కట్టి, ఆ పనిముట్ల వయసు తక్కువలో తక్కువ 10 లక్షల 70 వేల సంవత్సరాలని, సగటున 15 లక్షల సంవత్సరాలని 2011లో ప్రకటించారు. అదే చోట పై పొరల్లో దొరికిన 7 వేలకు పైగా పనిముట్లు వేరే పద్ధతిలో చేసినవని, ఆ మార్పు సుమారు 3 లక్షల 85 వేల సంవత్సరాల క్రితం మొదలైందని 2018లో తెలిపారు.

అక్కడ మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. అతని పాదముద్రా దొరకలేదు. పశువుల గిట్టల గుర్తులు దొరికాయి, కొన్ని పశువుల పళ్ళు దొరికాయి. మనిషి మాత్రం తన పనిని వదిలిపోయాడు, తనను వదిలిపోలేదు. ఎముకే దొరకనివాడికి కులగోత్రాలు, మాతృభాష రాసిపెట్టడం ఎంత సాహసమో పాఠకులే ఆలోచించాలి.

ఇప్పుడు నడక సంగతి. మనిషి కథ తెలుగులో ఎక్కడ చదివినా దాదాపు ఒకే వరుస కనిపిస్తుంది. కోతి చెట్టు దిగింది, తెలివి పెరిగింది, చేత రాయి పట్టింది, లేచి నిలబడింది, నడిచింది, మనిషయింది. ఈ వరుసకు తోడు ఒక బొమ్మ. ఎడమ పక్క వంగి నడిచే వానరం, కుడి పక్క నిటారుగా నడిచే మగవాడు, నడుమ మెట్లు మెట్లుగా లేస్తున్న నడుములు. 1965లో అమెరికాలో అచ్చయిన ఒక పుస్తకం కోసం రుడాల్ఫ్ జాలింజర్ అనే చిత్రకారుడు 15 ఆకారాలతో వేసిన బొమ్మ అది. తర్వాత దాన్ని కుదించి, ఎత్తిరాసి, లోకమంతా వాడుకొన్నారు. మన పాఠ్యపుస్తకాల్లో, వారపత్రికల్లో, చివరికి చెప్పుల దుకాణం ప్రకటనల్లో కూడా చూశాం.

బొమ్మగా అది గొప్పది. ఒక్క చూపులో కథ చెప్పేస్తుంది. అందుకే ప్రమాదం కూడా. ఎన్నో కొమ్మలుగా చీలిన వంశాన్ని అది ఒకే బాటలో వరుసగా నిలబెట్టింది. ఒకే కాలంలో పక్కపక్కన బతికిన జాతులను తాత, తండ్రి, కొడుకు చేసింది. ఆడమనిషి ఆ ఊరేగింపులో లేనేలేదు. అన్నిటికీ మించి, నిటారుగా నిలబడటం చిట్టచివరి బహుమానమనే భ్రమ కలిగించింది.

నిజం దానికి తలకిందులు. 1974లో ఇథియోపియాలో దొరికిన, లూసీ అని పేరు పెట్టిన ఆడ అస్థిపంజరం వయసు 32 లక్షల సంవత్సరాలు. ఆమె మెదడు మన మెదడులో మూడోవంతు. కాని తుంటి ఎముక, మోకాలి కీలు రెండుకాళ్ళ మీద నడిచినదాని లాగే ఉన్నాయి. 1978లో టాంజానియాలోని లేటోలి వద్ద మేరీ లీకీ బృందానికి అగ్నిపర్వతపు బూడిదలో అడుగుల వరుసలు దొరికాయి. వానకు తడిసి గట్టిపడిన ఆ బూడిదకు సుమారు 36 లక్షల ఏళ్ళు. మడమ ముందు ఊని, బొటనవేలితో నేలను తన్ని, ముందుకు సాగిన అడుగులవి. ఇంతవరకు దొరికిన వాటిలో అన్నిటికన్నా పాతవైన రాతి పనిముట్లు కెన్యాలోవి, వాటి వయసు 33 లక్షల సంవత్సరాలు. అంటే మన పూర్వుడు ముందు నడిచాడు. చేతులు ఖాళీ అయిన తర్వాత ఎంతో కాలానికి రాయి చెక్కాడు. మెదడు పెరగడం ఆ తర్వాతి మాట.

తెలివే ముందు పుట్టి ఉండాలన్న పట్టుదల పెద్దపెద్ద పండితులనే మోసగించింది. 1912లో ఇంగ్లండులో పిల్ట్‌డౌన్ అనే చోట మనిషి కపాలం, వానరపు దవడ కలిసి దొరికాయని ప్రకటించారు. మెదడు పెద్దది, నోరు జంతువుది. కోరుకొన్నది అదే కనుక చాలామంది నమ్మారు. 1925లో దక్షిణాఫ్రికానుంచి రేమండ్ డార్ట్, వెన్నుపాము దూరే రంధ్రం కపాలం అడుగు భాగానే ఉంది కనుక ఈ పిల్ల నిటారుగా నడిచేదని ఒక చిన్న పుర్రెను చూపిస్తే పెద్దలు పెదవి విరిచారు. పిల్ట్‌డౌన్ ఎముకలు దొంగ సరుకని 1953లో తేలింది. తల గొప్పా, కాలు గొప్పా అన్న తగాదాలో నలభై ఏళ్ళు కాలుకు అన్యాయం జరిగింది.

మనకు ఇది వింతగా తోచకూడదు. తలను పైన, పాదాన్ని కింద పెట్టి మనుషులనే అంతరువులుగా చేసిన సమాజం మనది. మనిషి కథలో పాదానికి చివరి స్థానం ఇస్తే మనకు అనుమానం రాకపోవడానికి అది కూడా కారణం కావచ్చు. అయితే మన భాష మాత్రం ఈ విషయంలో మనకన్నా తెలివైనది. మనిషి గుణాన్ని తెలుగు నడత అంది, నడవడి అంది. కొలతను అడుగు అంది. ఇటువంటి మాటలున్న భాషలో సైన్సు రాసేవారు ద్విపాద చలనమని, ఊర్ధ్వస్థితి గమనమని ఎందుకు రాస్తారో నాకు అర్థం కాదు. రెండుకాళ్ళ నడక అంటే ఏం తగ్గుతుంది?

ఇక పుస్తకాలకు వద్దాం. మన తరంలో చాలామందికి ఆదిమానవుణ్ణి పరిచయం చేసినది రాహుల్ సాంకృత్యాయన్ రాసిన 'ఓల్గా నుంచి గంగకు'. నేను కాలేజీలో ఉండగా తెలుగులో చదివాను. రాజుల పేర్లు లేకుండా చరిత్ర చెప్పవచ్చునని, చరిత్ర అంటే మనుషుల నడక అని నాకు తెలిసింది ఆ పుస్తకంతోనే. అందులో మొదటి కథకు నాయిక ఒక తల్లి. జాలింజర్ బొమ్మలో లేని ఆడమనిషి ఇక్కడ ముందు నడుస్తుంది. ఆ పుస్తకం చేసిన మేలు మరువరానిది.

కాని ఆ కథ మొదలయ్యేది క్రీస్తుకు పూర్వం 6000లో, ఓల్గా ఒడ్డున. అక్కడినుంచి గంగ దాకా ఒకే దారి. గ్రంథకర్త తాను చెప్పదలచిన దారిని పేరులోనే చెప్పాడు, ఆయనది తప్పు కాదు. దాన్నే మొత్తం మానవ చరిత్రగా తీసుకొన్న పాఠకులం మనం. 8 వేల ఏళ్ళ కథ చదివి మొదలు దొరికిందనుకొన్నాం. అత్తిరంపాక్కం 15 లక్షల ఏళ్ళను 8 వేలతో భాగిస్తే దాదాపు 190 వస్తుంది. మనం చదివింది 190 పుటల పుస్తకంలో చివరి పుట. ఉత్తరాన ఏదో ఏటి ఒడ్డున మనిషి మేలుకొని నడిచివచ్చేదాకా మన ఏటి ఒడ్డు ఖాళీగా ఉందని లోలోపల నమ్మాం.

సొంత చరిత్రలకు వస్తే, సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. జనం తిండి, బట్ట, ఆట, పాట చరిత్రేనని చూపిన గ్రంథం. దానికి నేను రుణపడి ఉన్నాను. అది తూర్పు చాళుక్యుల కాలంతో మొదలవుతుంది. కావ్యాలను సాక్ష్యంగా తీసుకొన్నవారు కావ్యాలు పుట్టిన చోట మొదలుపెట్టడం న్యాయమే. కాని అక్షరం లేని చోట మనిషి లేడన్న అలవాటు మాత్రం మనలో స్థిరపడింది. ఆ అలవాటు వదలలేక, అక్షరానికి ముందరి మనిషి కనబడగానే అతని నోట కూడా మన అక్షరమే పెడుతున్నాం. సంచికలోని వ్యాసానికి మూలం అక్కడ ఉంది.

భాషాశాస్త్రం ఏమంటుంది? ద్రావిడ భాషా కుటుంబం వయసు సుమారు 4,500 సంవత్సరాలని 2018లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. ఈ అంకె రేపు కొంత ముందుకు వెనక్కు జరగవచ్చు. వేలల్లో జరుగుతుందే గాని లక్షల్లోకి పోదు. అత్తిరంపాక్కంలో రాయి చెక్కినవాడు తెలుగూ కాడు, తమిళుడూ కాడు. ఆఫ్రికానుంచి మన జాతి మనిషి బయలుదేరడానికి ఎన్నో లక్షల ఏళ్ళ ముందరివాడు. మనలాంటి శరీరంతో, పొడుగు కాళ్ళతో దూరాలు నడవగలిగిన వేరొక జాతి మనిషి అయి ఉంటాడని పండితుల ఊహ.

సరిహద్దు సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. పూండికి పడమటి పక్క అల్లికుళి కొండల్లో క్వార్ట్‌జైట్ గుండురాళ్ళు పేరుకొన్న పొరలున్నాయి. ఆ పొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సత్యవేడు పొర. వ్యాసం రాసిన పెద్దాయనకు ఈ ముక్క తెలిసి ఉంటే, చూశారా, రాయి కూడా ఆంధ్రదే అని ఒక పేరా పెంచేవారు. కాని సత్యవేడు 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పటాస్కర్ తీర్పు ప్రకారం ఆ రోజునే చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ఇటు వచ్చింది, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు అటు పోయింది. ఆ మార్పిడి మన కుటుంబాల్లో ఎన్ని సంబంధాలను, బడులను, ఉద్యోగాలను కదిలించిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ బాధ నిజం. ఆ బాధకు పరిహారం 15 లక్షల ఏళ్ళ కిందటి రాతినుంచి వసూలు చేయడం మాత్రం కుదరదు. మన హక్కులకు రాజ్యాంగం ఆధారం, ఇక్కడ తరతరాలుగా బతుకుతున్న బతుకు ఆధారం. చేతిగొడ్డలి ఆధారమైతే, రేపు దాన్ని ఎవరు గట్టిగా పట్టుకొంటే వారిదే నేల అవుతుంది.

మరి ఆ రాళ్ళతో మనకు సంబంధమే లేదా అంటే, ఉంది. అది నడక సంబంధం. రెండేళ్ళ క్రితం మా తమ్ముడి కొడుకును వెంటబెట్టుకొని పూండి వెళ్ళాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక పుట్టిన తరం వాడిది. తమిళం బాగా చదువుతాడు, ఇంగ్లీషు చదువుతాడు, తెలుగు మాట్లాడుతాడు గాని కూడబలుక్కొని చదువుతాడు. పూండిలో 1985 నుంచి ఉన్న పురావస్తు ప్రదర్శనశాల చూసి, మరుసటి పూట గుడియం గుహలకు బయలుదేరాం. ముళ్ళపొదల నడుమ రాళ్ళ దారి. కిలోమీటర్ల కొద్దీ కాలినడకే. కుర్చీలో ముప్పై ఏళ్ళు కూర్చున్న నా నడుము దారి పొడుగునా సణుగుతూనే ఉంది. నిటారుగా నిలబడినందుకు మనిషి కట్టే వడ్డీ నడుం నొప్పి అంటారు. కట్టాను.

దారిలో వాడు అడిగాడు. "పెదనాయనా, వాళ్ళు ఏ భాష మాట్లాడేవాళ్ళు?"

"మనం మాట్లాడేది ఏదీ కాదు."

"అయితే వాళ్ళు మనవాళ్ళు కాదా?"

వెంటనే జవాబు తోచలేదు. అత్తిరంపాక్కంలో పనిముట్లు దొరికిన అడుగు పొర మెత్తని బంకమట్టి. అందులో అంతంత రాళ్ళు వాటంతట అవి ఉండవు. మెల్లగా పారి మట్టిని పరిచిన నీళ్ళకు వాటిని మోసుకొచ్చే బలం లేదు. రాయి ఉన్నచోటికి నడిచిపోయి, ఏరి, చేతుల్లో పట్టుకొని, ఏటి ఒడ్డుకు నడిచివచ్చినవారు ఉన్నారు. పాదముద్ర దొరకకపోయినా ఆ రాయే అడుగుజాడ. ఇక్కడ లేని వస్తువు రేపు ఇక్కడ కావలసి వస్తుందని తలచి, దానికోసం నడిచి, చేత పట్టుకొని రావడం. నాలుగు కాళ్ళ జంతువు చేయలేని పని అది. మనిషి నడక చింపాంజీ నడకకన్నా దాదాపు 75 శాతం తక్కువ శక్తితో సాగుతుందని 2007లో కొలిచి చెప్పారు. ఆ మిగులుతోనే బరువులు మోశాం, బిడ్డలను మోశాం.

ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు కావడి ఎత్తుకొని నడిచివచ్చే జనాన్ని చిన్నప్పటినుంచి చూస్తున్నాను. నగరి, పుత్తూరు వైపునుంచి తెలుగు మాటలు వస్తాయి, అరక్కోణం వైపునుంచి తమిళం మాటలు వస్తాయి. మెట్ల దగ్గర అందరి అడుగూ ఒకటే, భుజాన బరువూ ఒకటే. పిల్లవాడికి అదే చెప్పాను. "బరువు పట్టుకొని ఈ దారినే నడిచారు కదరా, అందుకని మనవాళ్ళే" అన్నాను. వాడికి ఒప్పుదలయిందో లేదో, గుహ చేరేదాకా మళ్ళీ మాట్లాడలేదు. చేరిన తర్వాత నేలమీది రాయి ఒకటి చేతిలోకి తీసుకొని చూసి, ఉన్నచోటనే పెట్టేశాడు. నాకు అది చాలా నచ్చింది. తీసుకొని జేబులో వేసుకోవాలన్న కోరిక పెద్దవాళ్ళం మనకే ఎక్కువ.

ఆ వ్యాసకర్తమీద నా ఫిర్యాదు ఇంతే. ఆయన రాయిని జేబులో వేసుకొన్నారు. తమిళ కరపత్రమూ అదే చేసింది. తన ఊరి పక్కన ఇంత కథ ఉందని తెలుగు పిల్లలకు చెప్పాలన్న ఆయన తపన మంచిది. ఆ తపన చాలామందిలో లేదు. అయితే చెప్పవలసింది స్వాధీన పత్రం కాదు. రాయి ఎక్కడినుంచి వచ్చింది, ఎవరి చేతిలో వచ్చింది, వయసు ఎట్లా కట్టారు, ఏది తెలిసింది, ఏది తెలియదు అన్నది మన ఇంటి తెలుగులో, ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడబలుక్కొని చదివినా అర్థమయ్యేట్టు రాయాలి. అటువంటి నాలుగు పుటలు తెలుగులో ఉంటే, ఈ నేలమీద తెలుగు ఉన్నందుకు వేరే రుజువు అడగనక్కరలేదు. ఆ పెద్దాయనే వచ్చే సంక్రాంతి సంచికకు ఆ పని చేస్తే బాగుంటుంది. గుడియం దాకా నడవడానికి తోడు కావాలంటే, నడుం నొప్పి ఉన్నా నేను వస్తాను.